పద్నాలుగు అంగుళాల మెలి

తూటా అనేది టార్గెట్ కాగితం మీద గుండ్రని బొక్క పెట్టాలి. అంచు చుట్టూ సన్నగా మసి గీత పడాలి. అలా కాకుండా తాళంచెవి దూరే రంధ్రంలాగా పొడుగ్గా పడిందంటే, తూటా ముక్కు ముందుకు పెట్టుకుని రాలేదని, పక్కకు తిరిగి అడ్డంగా వచ్చిందని అర్థం. ఇరవై ఎనిమిదేళ్ళు పోలీసు ఆయుధాల మరమ్మతు బల్ల దగ్గర కూర్చుని, ఒంట్లో ఓపిక ఉండగానే పదవీ విరమణ తీసుకున్నవాణ్ణి నేను. అలాంటి పొడుగు బొక్కలు నా సర్వీసులో ఒక్కసారే చూశాను. ఇప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆ సంగతి చెప్పాలని ఇది రాస్తున్నాను. అందులో తప్పు నాది. గెలుపులోనూ కాస్త వాటా నాదే కనుక చెప్పుకోవడానికి మొహమాటం లేదు.

నా చదువు పదో తరగతి. మా నాయన చిత్తూరు బజారులో తాళాలు, కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పలేదు. ఏది చేతికొచ్చినా కొలవకుండా ఉండలేని అలవాటు వల్ల వాటంతటవే వచ్చాయి. యూనిట్‌లో నన్ను ‘లెక్కల భాయ్’ అనేవాళ్ళు. మెచ్చుకోలు సగం, ఎగతాళి సగం.

మా యూనిట్‌కు ఒక రైఫిల్ జట్టు ఉండేది. మూడు వందల మీటర్ల పోటీకి ఐదుగురు. వాళ్ళకు శిక్షణ ఇచ్చేది పాకాల వైపు నుంచి వచ్చిన ఒక రిజర్వు ఎస్సై. గట్టి మనిషి, మాట తప్పడు, తప్పును ఒప్పుకోడానికి మాత్రం టైము తీసుకుంటాడు. జట్టులో పెద్ద తలకాయ పుత్తూరు హెడ్ కానిస్టేబుల్. పన్నెండేళ్ళుగా మా యూనిట్‌లో ఆయన్ని మించి కొట్టినవాడు లేడు. అందరికంటే చిన్నది నగరి నుంచి వచ్చిన ఒక కానిస్టేబుల్ అమ్మాయి. అంతకుముందు ఏడాది ఆమెకు ఒక్క పాయింటుతో రాష్ట్ర పోటీ తప్పిపోయింది. ఈసారి ఎస్సై గారు ముందే చెప్పేశారు. ఎంపిక రోజు ఇరవై రౌండ్లకు, ఒక్కో తూటాకు పది చొప్పున రెండు వందలకు, నూట ఎనభై రానివాళ్ళ పేరు జట్టులోంచి తీసేస్తారు. మళ్ళీ పిలవరు. వెళ్ళి తిరుపతి బందోబస్తులో క్యూలు సర్దుకోవడమే. ఆ అమ్మాయికి బందోబస్తు అంటే చులకన లేదు. కానీ రైఫిల్ పట్టుకుంటే ఆమె ముఖం మారిపోయేది. అది చూసినవాళ్ళకు ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. దసరాకు ఆయుధపూజ నాడు ఎవరి రైఫిల్‌ను వాళ్ళే తుడిచి, కుంకుమ పెట్టి, పట్టీ కొక్కేనికి పసుపు దారం కట్టుకుంటారు. నిమ్మకాయలు కోసి ఇచ్చేది నేనే. ఆ దారం కట్టాక మళ్ళీ దసరా దాకా ఆ రైఫిల్‌ను ఇంకో చెయ్యి కాల్చకూడదు. ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు గానీ, రూల్సు కంటే గట్టిగా పాటించేవాళ్ళు. మరమ్మతు చేసేవాడికి మాత్రం ఆ కట్టు లేదు.

ఆ ఏడు దసరా అయిన మూడు వారాలకు కొత్త రౌండ్లు వచ్చాయి. పాతవాటి కంటే బరువు. పాత తూటా తొమ్మిదిన్నర గ్రాములైతే కొత్తది పదమూడు. బరువైన తూటాను గాలి తక్కువగా తోస్తుంది, దూరం పోయేకొద్దీ ఆ లాభం పెరుగుతుంది. మూడు వందల మీటర్లకు అంతకంటే ఏం కావాలి? జట్టంతా సంబరపడింది. నలుగురు మగవాళ్ళ తూటా బొక్కల గుంపులు అరచేతంత చిన్నవయ్యాయి. నగరి అమ్మాయి పది రౌండ్లు కాలిస్తే మూడు కాగితం మీద పడ్డాయి. మిగతా ఏడు ఎక్కడ పడ్డాయో ఎవరికీ తెలియదు.

“ఏం పాపా, కొండను కొట్టినావా?” అన్నాడు పుత్తూరు హెడ్డు. “మణికట్టు వంకరబొయ్యుండాదేమో సూడు. మా ఊరికొచ్చి ఎముకల కట్టు కట్టించుకో. నా పేరు జెబితే తొందరగా పిలుస్తారు.”

ఆమె నవ్వలేదు. ఎస్సై గారూ నవ్వలేదు. రైఫిల్‌ను నా దగ్గరకు పంపారు.

నేను చూశాను. బ్యారెల్ అరిగిందేమో గేజి పెట్టి చూశాను, అరగలేదు. గురి చూసే సైటు గట్టిగా ఉంది. బోల్టు బాగుంది. మూతి దగ్గర చిన్న దెబ్బ కూడా లేదు. ‘ఆయుధంలో లోపం లేదు’ అని రాసి సంతకం పెట్టాను. అది రాసేటప్పుడు నాకు తట్టనిది ఒకటుంది. లోపం ఆయుధంలో లేదని నేను రాసిన క్షణంలోనే అది ఆ అమ్మాయి చేతిలో ఉందని తేలిపోయింది.

తర్వాత వారం రోజులు ఎస్సై గారు ఆమెను ఖాళీ రైఫిల్‌తో పడుకోబెట్టి, బ్యారెల్ మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కించారు. చెయ్యి అదిరితే బిళ్ళ పడాలి. అది పడలేదు. నిజం రౌండు పేలేటప్పుడే అదురుతోందని ఆయన తేల్చారు. రెండోసారి నిజం రౌండ్లు కాలిస్తే పదికి నాలుగు తగిలాయి. ఎంపికకు ఇంకా తొమ్మిది రోజులు.

ఆ సాయంత్రం ఆమె చుట్టచుట్టిన టార్గెట్ కాగితంతో నా బల్ల దగ్గరకు వచ్చింది.

“అన్నా, నా చెయ్యి అదరతాండాదని సారు అంటాండాడు. నా చెయ్యి సంగతి నాకు తెలీదా?”

“రైఫిల్ నేను చూసినాను గదమ్మా. బాగుండాది.”

“నువ్వు రైఫిల్ సూసినావు. ఈ కాయితం సూసినావా?”

నేను చూడలేదు. పరిచింది. నాలుగు బొక్కలు. ఒక్కటీ గుండ్రంగా లేదు. ఒకటైతే తూటా పక్క ఆకారం అచ్చు గుద్దినట్టే ఉంది.

“ఇది చెయ్యి అదిరితే పడే బొక్క కాదు,” అన్నాను.

“మరి ఎవురు చేసినారు దీన్ని?”

“తెలీదు. కొలిచి చెప్తాను.”

మీరు అడగవచ్చు, ఇంత రాద్ధాంతం ఎందుకు, ఆ రైఫిల్‌ను ఇంకొకరి చేతికిచ్చి కాల్పిస్తే ఐదు నిమిషాల్లో తేలేది కదా అని. తేలేది. కానీ పసుపు దారం ఉంది. ఆమె రైఫిల్‌ను వేరొకరు ముట్టలేదు, వేరొకరి రైఫిల్‌ను ఆమె ముట్టలేదు. బయటివాడెవడైనా మొదట చేసే పని మాలో ఎవరికీ తోచనే లేదు.

బ్యారెల్ లోపల గాళ్ళు ఉంటాయి. అవి తిన్నగా పోవు, మెలి తిరిగి పోతాయి. ఆ మెలి వల్లనే తూటా బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తుంది, తిరుగుతున్నంతసేపు ముక్కు నిలబడుతుంది. మెలి ఎంత బిగువుగా ఉందో కొలవడం చాలా తేలిక. క్లీనింగ్ రాడ్‌కు బిగుతుగా గుడ్డ చుట్టి లోపలికి నెట్టాలి. రాడ్ మీద ఒక గీత గీసుకుని, ఆ గీత పూర్తిగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ పైకి వచ్చేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు లోపలికి పోయిందో చూడాలి. మొదటిసారి నాకు పదిహేడు వచ్చింది. గుడ్డ వదులై జారింది. గుడ్డ మార్చాను. పద్నాలుగున్నర. ఇంకా బిగించాను. పద్నాలుగు. మళ్ళీ పద్నాలుగు. మళ్ళీ పద్నాలుగు.

తర్వాత మిగతా నలుగురి రైఫిళ్ళు తెప్పించి కొలిచాను. పది, పది, పది, పది.

లేచి నిలబడ్డాను. కొలతలో తేడా వస్తే నాకు కూర్చోబుద్ధి కాదు.

ఎంత బరువు తూటాకు ఎంత మెలి కావాలో లెక్క కట్టడానికి ఒక పాత సూత్రం ఉంది. నూరేళ్ళు దాటినది. నా దగ్గర ఉన్న అరిగిపోయిన చేతిపుస్తకంలో దొరికింది. చదివి తెల్లబోయాను. అందులో బరువు అనే మాటే లేదు. తూటా వెడల్పును దానితోనే హెచ్చించి, మళ్ళీ నూట యాభైతో హెచ్చించి, తూటా పొడవుతో భాగించమంటుంది. ఇన్నేళ్ళూ బరువు, బరువు అని అందరితోపాటు నేనూ అంటూ వచ్చాను. కావలసింది పొడవు. వెడల్పు అదే ఉంచి బరువు పెంచాలంటే తూటాను పొడిగించక తప్పదు. పొడుగుదాన్ని నిలబెట్టాలంటే ఇంకా వేగంగా తిప్పాలి. అంతే.

వెర్నియర్ తీసుకుని రెండు తూటాలనూ కొలిచాను. పాతది అంగుళం మీద పదో వంతు. కొత్తది అంగుళం మీద మూడో వంతుకు కాస్త ఎక్కువ. లెక్క కడితే పాతదానికి సుమారు పదమూడు అంగుళాలకు ఒక చుట్టు కావాలి, కొత్తదానికి పది అంగుళాల చిల్లరకు ఒక చుట్టు. పది అంగుళాల మెలి రెంటికీ సరిపోతుంది. పద్నాలుగు అంగుళాలది పాతదానికే ఒక అంగుళం తక్కువ. సూత్రం కాస్త జాగ్రత్త కలుపుకుని చెబుతుంది కాబట్టి పాత తూటాలు ఇన్నేళ్ళూ బాగానే పోయాయి. కొత్తవాటికి అది ఏ మూలకూ చాలదు. అవి మూతి దాటగానే తూలడం మొదలుపెట్టి, మూడు వందల మీటర్లు చేరేసరికి పల్టీలు కొడుతున్నాయి.

మరి ఆ ఒక్క రైఫిల్‌కు పద్నాలుగు ఎందుకుంది? దాని చరిత్ర కార్డు తీశాను. పదకొండేళ్ళ కిందట బ్యారెల్ అరిగిపోతే, స్టోరులో మిగిలిన పాత రకం బ్యారెల్ ఒకటి వేశారు. వేసినవాడి సంతకం నాది. బ్యారెల్ పొడవు రాశాను, నంబరు రాశాను. మెలి రాయలేదు. కార్డులో ఆ గడి లేదు. లేని గడిని గీసుకుని నింపాలని నాకు తోచలేదు.

మరుసటి రోజు పొద్దున ఆమెను పిలిచి అంతా చెప్పాను. బ్యారెల్ వేసింది నేనేనని కూడా చెప్పాను. 

“అంటే వారం దినాల పొద్దు నేను రూపాయి బిళ్ళ మోసింది నీ వల్లనా?”

“నా వల్లనే తల్లీ.”

“పుత్తూరు కట్టు నాక్కాదన్నా, నీకు కట్టాల. చేతికి కాదు, తలకాయకి.”

ఆమె తిట్టినందుకు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఎస్సై గారు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. లెక్క కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు.

“భాయ్, నీ భాగహారం కరెక్టే అనుకుందాం. కొత్త బ్యారెల్ వచ్చేదానికి నెల పడతాది. ఇంకో రైఫిల్ ఇద్దామంటే అన్నిటికీ దారాలు కట్టుండారు. నేనేం చేసేది?”

“ఆమెకు పాత రౌండ్లు ఇవ్వండి సార్.”

“నలుగురికి కొత్తవి, ఆయమ్మకి పాతవా? రేప్పొద్దున ‘ఆ పిల్లకు వేరే రౌండ్లిచ్చి గెలిపించినాడు’ అంటే మాట పడేది నేను గదప్పా. కాయితం మీద లెక్క నాకొద్దు. కాల్చి సూపించు.”

“ఆమె కాలిస్తే మీరు నమ్మరు.”

“నువ్వే కాల్చు. నీకు దారం అడ్డం లేదు గదా.”

అక్కడ ఉన్నవాళ్ళంతా నవ్వారు. యూనిట్ మొత్తం మీద నా అంత చెడ్డగా కాల్చేవాడు లేడు. నా గుంపు భోజనం పళ్ళెమంత వస్తుంది. కానీ నేను నిరూపించాల్సింది తూటా ఎక్కడ పడిందని కాదు, ఎలా పడిందని.

స్టోరు గాలిస్తే పాత రౌండ్లు నలభై ఆరు దొరికాయి. పది తీసుకున్నాను. ఇసుక మూట మీద రైఫిల్ ఆనించి, వంద మీటర్ల దగ్గర కొత్తవి ఐదు, పాతవి ఐదు కాల్చాను. తర్వాత మూడు వందల దగ్గర మళ్ళీ ఐదు, ఐదు. నాలుగు కాగితాలూ ఎస్సై గారి ముందు పరిచాను. వంద మీటర్ల దగ్గరే కొత్తవి కోడిగుడ్డు ఆకారంలో పడ్డాయి. మూడు వందల దగ్గర కొత్తవి ఐదింటిలో ఒక్కటే కాగితానికి తగిలింది, అదీ పూర్తిగా అడ్డంగా. పాతవి ఐదూ తగిలాయి. ఒకటి పైన, ఒకటి కింద, ఒకటి అంచున. అన్నీ గుండ్రంగా.

పుత్తూరు హెడ్డు వంగి చూశాడు. “ఏందబ్బా భాయ్, ఐదు తూటాలు ఐదు ఊర్లకు పంపినావే!”

“ఊర్ల సంగతి వదిలెయ్,” అన్నారు ఎస్సై గారు. ఒక్కో బొక్క మీదా వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళారు. చివరి కాగితం దగ్గర ఆగారు. “ఇంత అధ్వానంగా కాల్చినోడికే గుండ్రంగా పడతాండాయంటే...” అని ఆమె వైపు తిరిగారు. “అమ్మా, నిన్ను అనవసరంగా అన్నాను.”

పాత రౌండ్లకు అనుమతి దొరికింది. కానీ అది వరమేమీ కాదు. తేలిక తూటాను గాలి ఎక్కువగా తోస్తుంది. నేను లెక్క కట్టాను. ఒక మోస్తరు అడ్డగాలికి కొత్త తూటా మూడు వందల మీటర్లలో పన్నెండు సెంటీమీటర్లు పక్కకు పోతే, పాతది పదిహేడు పోతుంది. టార్గెట్ మీద ఒక్కో వలయం ఐదు సెంటీమీటర్లు. మిగతావాళ్ళకు సైటు మరను ఆరు క్లిక్కులు తిప్పితే చాలినచోట ఆమెకు తొమ్మిది కావాలి. పైగా రౌండ్లు లేవు. నలభై ఆరులో పది నేను తగలబెట్టాను. సైటు కుదర్చడానికి పన్నెండు పోయాయి. మిగిలినవి ఇరవై నాలుగు. ఎంపికలో లెక్కకు రాని రౌండ్లు నాలుగు, లెక్కకు వచ్చేవి ఇరవై. ఒక్కటి కూడా సాధనకు లేదు.

అందుకని ఖాళీ రైఫిల్‌తోనే సాధన చేయించాను. రేంజిలో గాలి తెలియడానికి వెదురు కర్రలకు కట్టిన గుడ్డ పీలికలుంటాయి. గుడ్డ వేలాడితే సున్నా. కాస్త లేస్తే నాలుగు క్లిక్కులు. సగం లేస్తే తొమ్మిది. అడ్డంగా నిలబడితే పద్నాలుగు. గాలి ఎటు నుంచి వస్తే సైటు అటు తిప్పాలి. చిన్న అట్టముక్క మీద రాసిచ్చాను. నాలుగు పొద్దులు ఆమె నేల మీద పడుకుని గుడ్డను చూసి అంకె చెప్పడం, నేను పక్కన కూర్చుని గడియారం చూడడం.

“సగం, కుడి!”

“తొమ్మిది, కుడికి!”

“పడిపోయింది!”

“సున్నా... కాదన్నా, ఆగు, దూరంది ఇంకా లేసుండాది. నాలుగు!”

దూరపు గుడ్డ సంగతి నేను అట్టమీద రాయనే లేదు. అది ఆమె కనిపెట్టింది.

“ఏందప్పా, ఎక్కాలు సెప్పిస్తాండావా?” అంటూ పోయాడు పుత్తూరు హెడ్డు. మూడో రోజు మాత్రం ఎగతాళి చేయకుండా వెనక నిలబడి విన్నాడు.

ఎంపిక రోజు పొద్దున మబ్బు పట్టి ఉంది, గుడ్డలు కదలడం లేదు. ఇరవై నాలుగు రౌండ్లు లెక్కపెట్టి ఆమె దోసిట్లో పోశాను. నాలుగు రౌండ్లతో సైటు చూసుకుంది. లెక్కకు వచ్చే మొదటి ఎనిమిదింటికి డెబ్బై ఏడు వచ్చాయి. నేను వెనక నిలబడి వేళ్ళ మీద కలుపుకుంటున్నాను. తొమ్మిదో రౌండ్‌కు కొండవైపు నుంచి ఒక్కసారిగా గాలి లేచింది. ఆమె నాలుగు క్లిక్కులే తిప్పి కాల్చేసింది. టార్గెట్ల కింద గుంటలో ఉన్నవాళ్ళు అంకె చూపించారు. ఏడు.

ఎనభై నాలుగు. మిగిలినవి పదకొండు. నూట ఎనభై రావాలంటే వాటికి తొంభై ఆరు కావాలి. అంటే ఒక్కోదానికి తొమ్మిదికి కొంచెం తక్కువ. ఇలాంటి ఏడు ఇంకో రెండు పడితే అయిపోయినట్టే.

ఆమె రైఫిల్ కింద పెట్టేసింది. పక్కవాళ్ళు కాలుస్తూనే ఉన్నారు. బరువు తూటాలు, వాళ్ళకు భయం లేదు. ఆమె గడ్డం నేలకు ఆనించి గుడ్డల్ని చూస్తూ ఉండిపోయింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. టైము అయిపోతుందని ఎస్సై గారు నా వైపు చూశారు. వెళ్ళి చెప్పాలని నా కాళ్ళు లాగాయి. మాట్లాడడానికి వీల్లేదు. మూడు నిమిషాలకు ఆమె చెయ్యి సైటు మీదికి పోయింది. క్లిక్కులు నాకు వినపడవు గానీ వేళ్ళ కదలిక లెక్కపెట్టాను. ముందటి నాలుగుకు ఇంకో ఐదు. తొమ్మిది.

పది పడింది.

ఆ తర్వాత నేను కలపడం మానలేదు గానీ, భయపడడం మానేశాను. తొమ్మిది, తొమ్మిది, పది, తొమ్మిది. గాలి తగ్గితే వేళ్ళు వెనక్కి తిప్పేవి, పెరిగితే ముందుకు. పందొమ్మిదో రౌండ్ అయ్యేసరికి నూట డెబ్బై ఏడు. చివరిది కాగితం మీద ఏ మూల పడినా దాదాపు చాలు. ఆమె దానికే అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకుంది. పది.

నూట ఎనభై ఏడు. పుత్తూరు హెడ్డుకు నూట ఎనభై ఐదు. ఆయన లేచి, మోకాళ్ళ మట్టి దులుపుకుని, నేరుగా ఆమె దగ్గరకు వచ్చాడు. “ఆ అట్టముక్క ఒకసారి ఇయ్యి పాపా,” అన్నాడు. చదివి, “దూరపు గుడ్డ సంగతి ఇందులో లేదే?” అని అడిగాడు.

“అది నాదన్నా,” అంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు చెప్పాల్సింది ఇంతే. బొక్క ఎక్కడ పడిందో చూసే ముందు ఏ ఆకారంలో పడిందో చూడండి. మనిషి తప్పని రాసే ముందు ఇనుమును కొలవండి, ఒక్కసారి కాదు, అంకె మారకుండా మూడుసార్లు వచ్చేదాకా. మీ సంతకం కింద ఎవరు నలిగిపోతారో ఆలోచించుకుని పెట్టండి. ఇవి నాకు ఇరవై ఏళ్ళు దాటాక తెలిశాయి. మీకు ఇప్పుడే తెలిస్తే మేలు.

ఎస్సై గారు జాబితా చదివారు. మొదటి పేరు ఆమెది. చప్పట్లు అయ్యాక ఆమె పక్కకు వచ్చి నగరికి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టినా సరిగా వినపడలేదు. వాళ్ళమ్మ పనిచేసే షెడ్డులో పవర్‌లూమ్‌ల మోత రేంజి మోతను మించిపోయింది.

“మా! నూట ఎనభై ఏడు!”

“ఏందే? యాడికి పోవాల?”

“పోయేది కాదు మా! మగ్గం ఆపు! ఆపమంటాండాగా!”

టక్కున ఒక మోత ఆగింది. వెనక మిగతావి ఆడుతూనే ఉన్నాయి.

“ఇప్పుడు సెప్పు,” అంది వాళ్ళమ్మ.

“ఫస్టు వచ్చినాను మా. జట్టులో నా పేరే ఫస్టు.”

 తర్వాత ఆ తల్లి ఎవరితోనో అరిచి చెప్పడం వినిపించింది. ఇంకో మగ్గం ఆగింది. దాని పక్కది. ఆ పక్కది. నేను ఆరు దాకా లెక్కపెట్టాను. ఆపైన షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది.